దుకాణం బోర్డుకు లావు అక్షరాలు కూర్చడం ఎలా?

తిరుపతిలో బోర్డును తీరిగ్గా నిలబడి చదివేవారు తక్కువ. గాంధీ రోడ్డులో జనం తోసుకుంటూ నడుస్తారు. బస్సులో ఉన్నవారు ఒక్కసారి తల తిప్పి చూస్తారు. కాబట్టి అక్షరం లావుగా ఉండాల్సిందే. ఆ లావును తెప్పించే పద్ధతిలోనే చాలామంది పప్పులో కాలేస్తున్నారు.

కంప్యూటర్, బోర్డు కొలతలు, యూనికోడ్ తెలుగును సరిగా చూపించే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. ఒత్తులు విడిపోయే పాత సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి.

ముందు ఇంగ్లీషు పేరు కూర్చండి. సెరిఫ్ రకాల్లో, అంటే గీతల చివర చిన్న పాదాలున్న ఫాంట్లలో, క్లారెండన్ పెట్టండి. దాని పాదాలు దిట్టంగా ఉంటాయి, సన్నగీత కూడా మరీ సన్నం కాదు, అందుకే దూరానికీ ఆనుతుంది. బొడోనీ పుస్తకం అట్ట మీద అందమే కానీ, దాని వెంట్రుకవాసి గీతలు మన ఎండలో కనిపించవు. కూపర్ బ్లాక్ మిఠాయి దుకాణానికి సరే, నగల దుకాణానికి పెట్టకూడదు. ఎందుకని అడగకండి, పెట్టకూడదు.

ఇక తెలుగు. కొంప మునిగేది ఇక్కడే. ఏదో ఒక ఫాంటులో పేరు టైపు చేసి బోల్డ్ మీట నొక్కేస్తారు. ఆ ఫాంటుకు విడిగా లావు రూపం లేకపోతే సాఫ్ట్‌వేర్ అక్షరం చుట్టూ సమానంగా మందం పూసి ఊరుకుంటుంది. 'ఫలహారశాల' అని రాసి చూడండి. ఫ అడుగున ఉండే చిన్న గీత ఒంటితో కలిసి ముద్దవుతుంది. తలకట్టు కింది సందు పూడిపోతుంది. ఎదురు ఫుట్‌పాత్ నుంచి చూస్తే అది ప. ధ కూడా ఇలాగే ద అయి కూర్చుంటుంది.

1845లో లండన్‌లోని ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో (అచ్చు అక్షరాలు పోతపోసే చోటు) రాబర్ట్ బెస్లీ క్లారెండన్ తెచ్చింది మామూలు అక్షరాల మధ్య ఒక మాటను ఎత్తి చూపడానికే. అందుకోసం బెంజమిన్ ఫాక్స్ ప్రతి అక్షరాన్నీ కొత్తగా చెక్కాడు, ఉన్నదానికి పూత పూయలేదు. గీత లావెక్కినా లోపలి ఖాళీ బతికి ఉండాలి. అది చెక్కేవాడి కన్ను చేసే పని, మీట వల్ల కాదు.

కాబట్టి లావుగానే గీసిన ఫాంటు తీసుకోండి. శీర్షికలకు రామభద్ర ఉంది. నా ఓటు మాత్రం నోటో సెరిఫ్ తెలుగుకే. దాని లావు, సన్నం గీతలు క్లారెండన్ పక్కన ఒద్దికగా ఇముడుతాయి. అందులోనూ అన్నిటికంటే లావైన బ్లాక్ దాకా పోకుండా, దానికి ఒక మెట్టు కింద ఉన్న ఎక్స్‌ట్రా బోల్డ్ దగ్గర ఆగండి.

రెండు వరుసలుంటే ఇంకో గండం. పైన 'వేంకటేశ్వర', కింద 'సిల్క్స్' అనుకోండి. ఇంగ్లీషుకు సరిపోయిన ఎడమే ఇస్తే శ్వ ఒత్తు దిగి కింది వరుసలోని సి గుడి మీద ఎక్కుతుంది. ఎడం పెంచండి. చోటు చాలకపోతే సైజు తగ్గించండి, అంతేకానీ అక్షరాన్ని పైనుంచి నొక్కి పొట్టి చేయకండి. అలా చేస్తే అడ్డగీతలు చిక్కి, నిలువుగీతలు అలాగే మిగిలిపోతాయి.

చివరగా ఒక కాగితం మీద ప్రింటు తీసి గోడకు అంటించి, గది అవతలి నుంచి చదవండి. ఒత్తులు, ఫ, ధ తేటగా కనిపిస్తే అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా) మార్చి ఫ్లెక్స్ దుకాణానికి పంపండి. ఫైలు అలాగే పంపితే వాళ్ల దగ్గర మీ ఫాంటు ఉండదు, వాళ్లకు తోచింది పెట్టేస్తారు.