చుట్టాలొస్తే రాజమండ్రి, ధవళేశ్వరం ఎలా చూపించాలి

మా వియ్యంకుడు హైదరాబాదు నుంచి మొదటిసారి వచ్చినప్పుడు పొద్దున్నే కాఫీ తాగుతూ, "ఇక్కడ చూడ్డానికి ఇంకేముంది బావగారూ, రేవులో మునకేసి పాపికొండలు వెళ్ళొచ్చేస్తే అయిపోతుందిగా" అన్నారు. మాట వరసకి అన్నదే, కానీ నాకు చురుక్కుమంది. మా నాన్న ధవళేశ్వరం వర్క్‌షాపులో ఫిట్టరు. నేను నలభై ఏళ్ళు లేతు మిషను మీద టర్నింగ్ పని చేశాను. గోదావరిని చూసి వెళ్ళిపోయేవాళ్ళు ఆ గోదావరిని అదుపులో పెట్టిన ఇనుమునీ రాతినీ చూడకుండా పోతుంటే బాధగా ఉంటుందండి.

ఆ రోజు పాపికొండలు మానిపించి ఆయన్ని నా దారిలో తిప్పాను. అప్పట్నించి మా వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా నన్నే అడుగుతున్నారు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ప్రతి ఇంటికీ జనమే. అందరితో నేను తిరగలేను కాబట్టి రాసి పెడుతున్నాను.

ముందు ఎండ సంగతి. మన ఊరు నదికి తూర్పు గట్టున ఉంది. అంటే పొద్దుటి ఎండ మన వెనక నుంచి వెళ్ళి వంతెనల మీద పడుతుంది, సాయంత్రం సూర్యుడు నీళ్ళ అవతల దిగుతాడు. అందుకని పొద్దున్న వంతెనలు, మధ్యాహ్నం నీడపట్టున ఊరు, మూడు దాటాక ధవళేశ్వరం. ఈ వరస తప్పారో, అయిపోయారే. మే నెలలో మిట్టమధ్యాహ్నం మా అల్లుడి తరపువాళ్ళని బ్యారేజీ మీద నడిపించాను ఓసారి. ఒకాయనకి కళ్ళు తిరిగి, చెరుకురసం బండి పక్కన కూర్చోబెట్టి తల తడపాల్సి వచ్చింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. వరద చూడాలంటే మాత్రం ఆగస్టే.

ఆరున్నరకల్లా పుష్కరాల రేవుకి వెళ్ళండి. గోదావరి స్టేషను దగ్గరే. స్నానం చేసేవాళ్ళని చెయ్యనివ్వండి, తర్వాత మెట్ల మీద కూర్చోబెట్టి వంతెనలు చూపించండి. పాత ఇనుప వంతెన హేవలాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరు అది. 1897లో మొదలుపెట్టి 1900లో రైలు నడిపించారు. 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడాలు, రెండున్నర కిలోమీటర్లకి పైనే పొడవు. 1997లో రైళ్ళు ఆపేశారు. అదే ఏడాది దాని పని అందుకున్నది పక్కనున్న కాంక్రీటు కమానుల వంతెన, 28 కమానులు. ఫోటోల్లో అందరూ తీసేది అదే. ఎగువన ఉన్నది 1974లో తెరిచిన రెండంతస్తుల వంతెన, కింద రైలు, పైన రోడ్డు.

చుట్టాలు కమానుల వైపు ఫోన్లు ఎత్తుతారు. ఎత్తనివ్వండి, కానీ మీరు హేవలాక్ దగ్గర ఆగండి. దాంట్లో అతుకులన్నీ రివెట్లే. రివెట్టుని ఎర్రగా కాల్చి, బెజ్జంలో దూర్చి, రెండో వైపు సుత్తితో కొట్టి తల చేస్తారు. చల్లారేటప్పుడు అది కుంచించుకుపోయి రెండు రేకుల్నీ బిగించి పట్టుకుంటుంది. నట్టు బోల్టు వదులవ్వచ్చు, మంచి రివెట్టు వదలదు. ఈ నాలుగు ముక్కలూ చెప్పి చూడండి, "పాత వంతెన" అనేవాళ్ళు దగ్గరికెళ్ళి వేళ్ళతో లెక్కపెడతారు. దాన్ని విహార స్థలం చేస్తారని ఏళ్ళుగా వింటున్నాం. ఈలోగా దాని మీదకి ఎక్కే ప్రయత్నం మాత్రం చెయ్యనివ్వకండి, గట్టు నుంచే చూడాలి.

టిఫిను ఎక్కడ తినాలో నేను చెప్పను, ఎవరి ఇడ్లీ వాళ్ళకి గొప్ప.

తర్వాత కోటగుమ్మం వైపు రండి, రత్నం పెన్నుల కోసం. మన ఊరి గొప్ప ఒక్కటే చూపించమంటే నేను ఇదే చూపిస్తాను. కె.వి. రత్నం గారిది కంసాలి పని నేర్చిన చెయ్యి. పూర్తిగా స్వదేశీ వస్తువు ఏదైనా తయారు చెయ్యమని గాంధీ గారు అన్న మాట పట్టుకుని 1930ల మొదట్లో పెన్ను చేశారు. అది బాగుందని గాంధీ గారు 1935లో ఉత్తరం రాశారు. అదంతా ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది పెన్ను ఎలా చూడాలో.

అది ఎబొనైట్ కడ్డీ నుంచి లేతు మీద చెక్కిన పెన్ను. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువ కలిపి గట్టిపరిచిన రబ్బరు. చెక్కుతుంటే గంధకం వాసన కొడుతుంది, చెక్కు రిబ్బనులా లేస్తుంది. పెన్ను చేతిలోకి తీసుకోగానే మూత తిప్పి చూడండి. మరలు మెత్తగా, గీరుకోకుండా దిగాలి. కొనేముందు కాగితం మీద మీ సంతకం కాదు, ఒక పెద్ద వాక్యం రాయండి. సంతకం ఏ పెన్నుతోనైనా బాగానే పడుతుంది.

కొన్నవాళ్ళకి జాగ్రత్తలు చెప్పి పంపండి, లేకపోతే నెల తిరక్కుండా మనకే ఫోను వస్తుంది. ఇంకు నేరుగా పెన్ను పొట్టలోనే డ్రాపరుతో పోస్తారు. ఇంకు అడుగంటినప్పుడు మన చేతి వేడికి లోపలి గాలి పెరిగి ఇంకుని బయటికి తోస్తుంది, చుక్క పడుతుంది. పెన్ను పాడైందనుకోవద్దు, సగానికి తగ్గగానే మళ్ళీ నింపుకోవాలి. చన్నీళ్ళతోనే కడగాలి. వేణ్ణీళ్ళు తగిలినా, ఎండలో వదిలేసినా నల్ల ఎబొనైటు వెలిసి గోధుమరంగుకి తిరుగుతుంది. మా వియ్యంకుడు తెల్ల చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళారు, మిగతాది మీరు ఊహించుకోండి.

ఎండ ముదిరితే మెయిన్ రోడ్డులో చల్లగా రోజ్‌మిల్క్ తాగించి, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళండి. ఆయన 1897లో పుట్టి 1925లోనే పోయారు, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆ బొమ్మల ముందు పిల్లలు కూడా కాసేపు నోరు మూసుకుంటారు. ఓపికుంటే వీరేశలింగం గారి టౌన్‌హాలు చూడండి, 1890 నాటిది. ఏది చూడాలన్నా ముందురోజే తెరిచి ఉంటుందో లేదో కనుక్కోవాలి. ఒక చోట తాళానికి దణ్ణం పెట్టి వెనక్కొచ్చిన రోజు నాకూ ఉంది.

భోజనం చేసి గంట కునుకు తీశాక కోటిపల్లి బస్టాండు దగ్గర ధవళేశ్వరం ఆటో ఎక్కండి. దూరం ఏమీ లేదు.

ముందు కాటన్ మ్యూజియం. ఆనకట్ట నమూనాలు, అప్పటి పనిముట్లు, యంత్రాలు ఉంటాయి. నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన డెల్టా ఇది. 1847లో మొదలెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట నిలబెట్టారు. దొర ఒక్కడే కట్టాడనుకోకుండా వీణెం వీరన్న గారి పేరు కూడా చెప్పండి. తెలుగు కూలీలనీ దొరల లెక్కల్నీ కలిపినవాడు ఆయన. నమూనా దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: "దీనికి పునాది దేని మీద ఉంది?" అందరూ రాతి మీద అంటారు. కాదు, ఇసుక మీద. ఇసుకలో బావులు దింపి, వాటి మీద కట్టి, దిగువన గుట్టలుగా రాయి పోశారు. తంజావూరు వైపు కావేరి మీద చోళుల నాటి ఆనకట్టని చూసి కాటన్ నేర్చుకున్న పని అది.

అక్కణ్ణుంచి జనార్దనస్వామి కొండ ఎక్కించండి. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళని కింద నీడలో కూర్చోబెట్టండి, మొహమాటపడకండి. పైన దర్శనమయ్యాక నది వైపు తిరిగితే కాటన్ ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడో తెలిసిపోతుంది. ఆనకట్టకి రాయి ఈ ఊరి కొండల్లోనే కొట్టారు. నదిని మధ్యలో లంకలు చీలుస్తున్నాయి, అందుకే ఆనకట్ట నాలుగు ముక్కలైంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం.

కొండ దిగి లాకుల దగ్గరికి రండి, అంటే పడవల్ని నది నుంచి కాలవలోకి దింపే తలుపుల దగ్గరికి. నా లెక్కలో అసలు చూడాల్సింది ఇదే, ఎవరూ ఆగనిదీ ఇదే. మా నాన్న పనిచేసిన వర్క్‌షాపు ఆనకట్టతోపాటే పుట్టింది. లాకు తలుపులు, షట్టర్లు, పడవలు, అన్నీ అక్కడి కొలిమి నుంచే. ఒకప్పుడు ధాన్యం, కొబ్బరికాయలు, ఉప్పు, అన్నీ కాలవ మీద పడవల్లోనే పోయేవి. గాలి లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాక్కెళ్ళేవాళ్ళు. నది ఎత్తులో ఉంది, కాలవ పల్లంలో ఉంది, మరి పడవ ఎలా దిగాలి? చిన్నపిల్లలకి నేను చేతులతో చూపిస్తాను. నమస్కారం పెట్టబోయి మధ్యలో ఆపినట్టు రెండు అరచేతులూ వాలుగా కలపండి. వేళ్ళు కలిసిన మొన ఎగువకి ఉండాలి. అవే లాకు తలుపులు. ఎగువ నీళ్ళు ఎంత నెడితే తలుపులు అంత బిగుసుకుంటాయి, గడియ అక్కర్లేదు. అలాంటి తలుపుల జతలు రెండు, మధ్యలో గది. పడవ గదిలోకి రాగానే పై జత మూసి, కింద తూము తెరిస్తే నీళ్ళు మెల్లగా దిగుతాయి, పడవా దిగుతుంది. లోపలా బయటా నీళ్ళు సమానమయ్యాక కింది తలుపులు తోస్తే తెరుచుకుంటాయి. మోటారు లేదు, కరెంటు లేదు. మా మనవరాలు ఇది విని ఇంటికొచ్చి స్నానాలగదిలో రెండు అట్టలతో ప్రయోగం చేసింది, వాళ్ళమ్మ తిట్లు నాకు పడ్డాయి.

ఐదున్నరకి బ్యారేజీ మీదకి. పాత ఆనకట్ట బదులు 1982 నాటికి కట్టిందిది. గేట్లు మొత్తం 175: ధవళేశ్వరం ముక్కకి 70, ర్యాలికి 43, మద్దూరుకి 23, విజ్జేశ్వరానికి 39. లారీలూ బస్సులూ ఆగవు, పిల్లల చెయ్యి వదలొద్దు. మొదటి ముక్క సగం దాకా నడిస్తే చాలు, అక్కడ ఆగి పడమటికి తిరగండి.

నీటిమట్టం అంకెలు నేర్పించడం మరిచిపోకండి. ఇక్కడ 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో అవే 43, 48, 53. డెల్టా అంతా వానాకాలంలో ఈ అంకెలతోనే నిద్ర లేస్తుంది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి పోయినప్పుడు మేం మేడ మీదే వంట చేసుకున్నాం.

చీకటి పడకుండా ఓపికుంటే బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు కొనండి. బోర్లించిన కుండ మీద రేకు తీస్తుంటే చూసి మరీ కొనండి. బెల్లంవి అడగండి, నేతి వాసన చూడండి. బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టుకోమని చెప్పండి, రైల్లో ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు. వానాకాలంలో పులస చేప ఎక్కడ దొరుకుతుందని చుట్టాలు తప్పకుండా అడుగుతారు. ధర విని వాళ్ళే మాట మారుస్తారు.

మొన్న ఆగస్టులో రాత్రి పదిన్నరకి ఫోను మోగింది. వియ్యంకుడు. ఏం కంగారో అని ఎత్తాను. "బావగారూ, టీవీలో ధవళేశ్వరం పన్నెండు అడుగులని చెప్తున్నారు. మొదటిది దాటేసినట్టేగా? గేట్లన్నీ ఎత్తేశారా?" అన్నారు.