దేశం మారాక జుట్టు రాలుతోందా? ముందు ఇది చూడండి

కావలి నుంచి చదువుకని జర్మనీ వెళ్లిన మా చెల్లెలు మూడో నెలలో ఫోన్ చేసి, దువ్వెన నిండా జుట్టే అక్కా, అంతా ఇక్కడి నీళ్ల వల్లే అని ఒకటే ఏడుపు. సున్నం ఎక్కువున్న నీళ్లకి జుట్టు గరుకెక్కి మధ్యలో తెగొచ్చు గానీ, కుదుళ్లతో సహా ఊడుతుంటే చాలాసార్లు కారణం 2, 3 నెలల ముందటి టెన్షన్, నిద్ర లేకపోవడం, సరిగ్గా తినకపోవడం. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అంతకు మించితే షాంపూలు మార్చుకుంటూ కూర్చోకుండా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్, విటమిన్ డి రక్తపరీక్షలు చేయించుకోండి. ఇక్కడ చేపల పులుసుతో పెరిగి అక్కడ బ్రెడ్డుతో సరిపెట్టుకోవద్దు, పప్పు, గుడ్లు, చేపలు ఏదో ఒకటి రోజూ ఉండాలి. కారణం సరిచేస్తే మామూలుగా ఆరు నెలల్లో తగ్గుతుంది. అక్కడక్కడా గుండ్రంగా ఊడితే మాత్రం ఆగకుండా స్కిన్ డాక్టర్‌ని కలవండి.