రీఫ్ ట్యాంకులో పగడం బాగోలేదా? లైటు మార్చే ముందు ఇవి చూడండి

రీఫ్ ట్యాంకంటే ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి గాజు తొట్టి. అందులో పగడం కాస్త ముడుచుకుంటే చాలు, మనం మొదట చేసే పని ఫోను తీసి కొత్త లైటు వెతకడం. నేనూ అదే చేశాను. బరంపురంలో మా ఇంట్లో ఉన్నది 18 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 14 ఎత్తున్న చిన్న ట్యాంకు, రాళ్లూ ఇసుకా పోగా 40 లీటర్ల నీళ్లు పడతాయేమో. దానిమీద ఉన్న చవక ఎల్ఈడీ పట్టీ తీసేసి 60 వాట్ల రీఫ్ లైటు తెచ్చి, ఆ సాయంత్రమే ఫుల్లులో వెలిగించేశాను. "ఏట్రా ఇది, ఠాకురాణీ యాత్రకి కట్టిన లైట్లలా ఇల్లంతా నీలం చేసేశావు" అంది అమ్మ. పది రోజులు తిరక్కుండా మష్రూము పగడాలన్నీ కాగితంలా తెల్లబడ్డాయి. లైటు మంచిదే, తొందర నాది.

ఇక్కడ చెప్పేదంతా మష్రూములు, జోవాలు, లెదర్, జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్ లాంటి మెత్తటి రకాల గురించే. రాతి పగడాలన్నీ, వాటితోపాటు సీ ఫ్యాన్లూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నవి, వాటి జోలికి వెళ్లకండి, ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా సరే.

ఏ లక్షణం కనిపించినా ముందు ఒక కాగితం మీద గత రెండు వారాల్లో ఏం మారిందో రాయండి. లైటు, దాని ఎత్తు, టైమర్, కొత్త కార్బన్ (నీళ్లని శుభ్రం చేసే బొగ్గు), ఫ్యాను, ఎండ, కరెంటు పోవడం, ఏదైనా. పగడం ఆ రోజు జరిగినదానికి ఆ రోజే జవాబు చెప్పదు, వారం పది రోజుల తర్వాత చెబుతుంది, అందుకే మనం ఎప్పుడూ తప్పు వస్తువుని పట్టుకుంటాం.

పగడం తెల్లబడుతోంది

పగడం ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. వెలుతురుతో అది తిండి వండుతుంది, అందులో చాలా భాగం పగడానికి పెడుతుంది, ఆ గోధుమ రంగు కూడా చాలావరకు దానిదే. వెలుతురు దాని శక్తికి మించినా, నీళ్లు వేడెక్కినా ఆ వంట చెడి విషం లాంటి ఆక్సిజన్ రకాలు తయారవుతాయి, అప్పుడు పగడం ఆ నాచుని బయటికి గెంటేస్తుంది. మిగిలేది తెల్లటి ఒళ్లు. అంటే తెల్లబడింది చచ్చినట్టు కాదు, ఆకలితో ఉన్నట్టు.

ఎందుకు తెల్లబడిందో తేల్చడానికి నేను చూసేది ఒకటే: రంగు ఎక్కడ పోయింది? లైటు వైపున్న భాగం మాత్రమే తెల్లబడి, కింద, రాతి నీడలో ఉన్న అంచు రంగుగానే ఉంటే లైటు ఎక్కువైనట్టు. నీడలో ఉన్నవి కూడా ఒకేసారి పాలిపోతే లైటుని వదిలేసి థర్మామీటర్ చూడండి. 25, 26 డిగ్రీలు హాయిగా ఉంటుంది, రోజుల తరబడి 29, 30 దగ్గర ఉంటే లైటు ఎంత తగ్గించినా ఫలితం ఉండదు. మే నెలలో బరంపురం ఉక్కపోతలో ఏసీ లేని గదిలో ఇదే అసలు కథ. వేడి కూడా సరిగ్గానే ఉంటే నైట్రేట్, ఫాస్ఫేట్ టెస్టు చేయండి, రెండూ సున్నా చూపిస్తే అది మరీ శుభ్రత వల్ల వచ్చిన జబ్బు, చేపకి ఇంకొంచెం మేత వేస్తే తేరుకుంటుంది.

ఇంకో దొంగ కారణం ఉంది. నెలల తరబడి కార్బన్ మార్చకపోతే నీళ్లు లేత పసుపు రంగుకి తిరుగుతాయి, పక్క నుంచి తెల్ల కాగితం అడ్డం పెట్టి చూస్తే తప్ప కనపడదు. ఆ పసుపు నీలి వెలుతురుని మింగేస్తూ ఉంటుంది. ఒక ఆదివారం మనకి ఉత్సాహం వచ్చి కొత్త కార్బన్ గుప్పెడు వేస్తాం, రెండు రోజుల్లో నీళ్లు గాజులా తేలిపోతాయి, లైటు బటన్ ముట్టుకోకుండానే వెలుతురు పెరిగిపోతుంది. కార్బన్ కొంచెం కొంచెంగా వేయండి, వేసిన వారం లైటు తగ్గించండి.

లైటే కారణమైతే పవర్ని 40, 50 శాతానికి దించి, పగడం నిలకడగా కనిపించాక వారానికి 5 శాతం చొప్పున పెంచండి. చాలా వారాలు పడుతుంది, పట్టనివ్వండి. డిమ్మర్ లేని లైటైతే ఒక అడుగు పైకి వేలాడదీయండి, అదీ కుదరకపోతే కిటికీలకి కొట్టే దోమల జాలి ముక్కలు నాలుగు మడతలు లైటుకీ నీళ్లకీ మధ్య పెట్టి, ఐదు రోజులకొక మడత తీసేయండి. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఈ జాలే. జాలి లైటుకి ఆనకుండా చూసుకోండి, వేడికి కరుగుతుంది. తెల్లబడ్డ ముక్కని మాత్రం రోజుకో చోటికి మార్చకండి.

సాగిపోతోంది, ముద్ద గోధుమ రంగు తిరుగుతోంది

జోవా కాడలు పొడుగ్గా సాగి పైకి చూస్తుంటే, మష్రూము విస్తరాకులా పరుచుకుంటే, పచ్చగా ఉన్నది మట్టి రంగుకి వస్తే వెలుతురు చాలట్లేదు. ఇక్కడా కొత్త లైటు కొనడానికి ముందు పాత లైటు అద్దం మీద వేలు పెట్టి చూడండి. బుడగలు చిట్లినప్పుడల్లా ఉప్పు తుంపర ఎగిరి లెన్స్ మీద తెల్లగా పేరుకుంటుంది. ఆర్వో నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో, లైటు ఆపేసి చల్లారాక తుడవండి. మా బావ ట్యాంకు చూడ్డానికి నేను వెళ్లినప్పుడు "లైటు పాతదైపోయింది బావా, కొత్తది చూడు" అన్నాడు. తుడిస్తే గది అంతా వెలుగొచ్చింది! పైన మూత గ్లాసు ఉంటే దానిమీదా ఇదే పొర ఉంటుంది. టీ5 ట్యూబులు వాడేవాళ్లైతే ఏడాది లోపే మార్చుకోవాలి, కంటికి వెలుగుతున్నట్టే కనిపించినా స్పెక్ట్రమ్, అంటే వెలుతురులో రంగుల పాళ్లు, జారిపోతుంది.

తుడిచాక కూడా తక్కువే అనిపిస్తే అప్పుడు లెక్కలోకి వెళ్దాం. పగడానికి కావలసింది వాట్లు కాదు, పార్, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుతురు దాని దగ్గరికి ఎంత చేరుతోందన్నది. మష్రూములకి 30 నుంచి 80 చాలు, జోవాలకీ లెదర్‌కీ 80 నుంచి 150 దాకా పెట్టొచ్చు. మధ్యాహ్నం నడినెత్తి ఎండ 2000 దగ్గర ఉంటుంది, పోలికకి చెబుతున్నా. ఫోనులో లక్స్ యాప్ పెట్టి చూసి భయపడకండి, లక్స్ మన కంటి కోసం పుట్టిన కొలత, పచ్చ వెలుతురునే ఎక్కువ లెక్కేస్తుంది, రీఫ్ లైటులోని నీలాన్ని దాదాపు పట్టించుకోదు. ఒకే లైటుని నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికి మాత్రం ఆ యాప్ పనికొస్తుంది.

నీలం ఎందుకంటే, సముద్రంలో ఎరుపు పై కొన్ని మీటర్లలోనే ఇంకిపోతుంది, లోతుకి దిగేది నీలమే, పగడం ఒంట్లోని ఆ నాచు కూడా 420 నుంచి 480 నానోమీటర్ల మధ్య వెలుతురుని బాగా వాడుకుంటుంది. గదిలో పెట్టుకునే 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద మష్రూములు బతకవని కాదు, బతుకుతాయి, కానీ మురికి గోధుమ రంగులో ఉంటాయి, గాజు మీది నాచు వాటికంటే ముందు పెరుగుతుంది.

గాజంతా నాచు

లైటుని తిట్టేముందు మేత తగ్గించండి. తర్వాత టైమర్ చూడండి: చాలామంది ఉదయం లేచినప్పుడు వేసి రాత్రి పడుకునేటప్పుడు ఆపుతారు, 14 గంటలు. 8 నుంచి 9 గంటలు చాలు, అందులో ఫుల్లు వెలుతురు ఐదారు గంటలు.

నాచు ఒక పక్క గాజు మీదే వస్తోందా? అయితే కిటికీ. నాకు ఇది డిసెంబరులో మొదలై మార్చికి తగ్గిపోయేది, ఏం అర్థం కాలేదు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా, కిందుగా నడుస్తాడు కదా, దక్షిణం కిటికీలోంచి ఎండ మధ్యాహ్నం నేరుగా ట్యాంకు మీదికి వచ్చేది, ఎండాకాలం సూర్యుడు నెత్తిమీదికి వెళ్లగానే అది గడప దాటి లోపలికి రాదు. పాత చీర ఒకటి మడిచి కర్టెన్ కట్టాం, అయిపోయింది.

ఒక మూల బాగుంది, ఇంకో మూల చస్తోంది

ఇది లైటు ఎక్కువా తక్కువా అన్నది కాదు, పరుచుకోవడం. గుండ్రటి చిన్న లైట్లు టార్చిలా ఒక చోటే కొడతాయి, నడుమ పార్ 200, మూలల్లో 30 ఉండొచ్చు. లైటు పైకెత్తితే నడిమి తగ్గి అంచులు కాస్త పెరుగుతాయి. లేదంటే ఆ తేడానే వాడుకోండి, లెదర్‌ని నడిమికి, మష్రూములని మూలకి. రాళ్ల గుట్ట వెనక నీడ పడుతుందని మర్చిపోకండి.

లైటు అంతా సరిగ్గానే ఉంది, అయినా ముడుచుకుంది

లెదర్ అయితే నాలుగైదు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ముడుచుకుని పైన మైనం లాంటి పొర కట్టి, దాన్ని రాల్చుకుంటుంది. పాము కుబుసం విడిచినట్టే. వేవ్ మేకర్ (నీళ్లని కదిపే చిన్న పంపు) ధార కొంచెం అటు తిప్పి ఊరుకోండి.

మిగతావి ముడుచుకుంటే ఉప్పు కొలవండి. వేసవిలో చల్లదనానికి నీళ్ల మీద ఫ్యాను పెడతాం, నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. 40 లీటర్లలో మూడు లీటర్లు పోయి మనం పోయకపోతే వెయ్యి పాళ్లకి 35 ఉన్న ఉప్పు దాదాపు 38 అవుతుంది, చిన్న ట్యాంకులో అదంతా మూడు నాలుగు రోజుల పని. తగ్గిన మేరకి రోజూ ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. ఇక్కడ గాల్లో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాను మహా అయితే ఒకటి రెండు డిగ్రీలే దించుతుంది, అంతకన్నా ఆశ పెట్టుకోకండి. గోపాలపూర్ సముద్రం దగ్గరేగా, అక్కడి నీళ్లు తెచ్చి పోద్దామా అని అడిగేవాళ్లుంటారు. ఒడ్డు నీళ్లు బురదగా ఉంటాయి, వానాకాలంలో ఉప్పు పడిపోతుంది, నేనైతే ఉప్పు పొడి కలుపుకునే నీళ్లకే ఓటేస్తాను.

లైటు మినుకుమంటోంది, లేదా రెండు రోజులు కరెంటే లేదు

మినుకుమంటే ఎల్ఈడీల కంటే ముందు డ్రైవర్ (లైటుకి కరెంటు అందించే డబ్బా) మీద అనుమానపడండి, ఉప్పు గాలికి దాని పిన్నులు తుప్పు పడతాయి. వోల్టేజీ ఊగే వీధైతే స్టెబిలైజర్ పెట్టుకోండి.

తుఫాను సంగతి మనకి చెప్పక్కర్లేదు, 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. కరెంటు లేనప్పుడు లైటు గురించి టెన్షన్ వద్దు, రెండు మూడు రోజుల చీకటిని పగడాలు తట్టుకుంటాయి. తట్టుకోలేనిది నీళ్లు కదలకపోవడం, ఆక్సిజన్ పడిపోతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కరెంటు వచ్చాక లైటు సగంతో మొదలుపెట్టి వారంలో పాత స్థాయికి తెచ్చుకోండి.

ఇవన్నీ చూశాక కూడా కొత్త లైటే కావాలంటే

డిమ్మర్ ఉండాలి, నీలం, తెలుపు విడివిడిగా తగ్గించుకునేలా ఉండాలి, టైమర్ లోపలే ఉంటే మరీ మంచిది. ఈ సైజు ట్యాంకుకి 30 నుంచి 50 వాట్లు ధారాళం, 14 అంగుళాల లోతుకి వెలుతురుని ఇరుకుగా కొట్టే లెన్సులు వద్దు, 90 లేదా 120 డిగ్రీల వెడల్పున పరిచేవి చూడండి. ట్యాంకు పక్కనే వాడుతున్నాం కాబట్టి వైరు సాకెట్ కన్నా కిందికి ఒక వంపు దిగి మళ్లీ పైకి వచ్చేలా వదలండి, జారిన ఉప్పునీటి చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది, ప్లగ్గు దాకా పాకదు.