స్కూటర్ డిక్కీలో సన్‌స్క్రీన్ వద్దు
రుషికొండ బీచ్‌కి వెళ్లేవాళ్లు చాలామంది సన్‌స్క్రీన్‌ను స్కూటర్ డిక్కీలోనే వదిలేస్తారు. మే నెల ఎండల్లో నేనూ అలాగే వదిలేశాను. తర్వాత మూత తీసి నొక్కితే ముందు నీళ్లు కారాయి, ఆ వెనక జిడ్డు ముద్ద వచ్చింది.

క్రీమ్‌లో సన్నటి నూనె బొట్లు నీటిలో తేలుతూ ఉంటాయి. అవి విడిపోకుండా చూసేది ఎమల్సిఫైయర్. దాని అణువులో ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నూనెను పట్టుకుంటుంది. కుంకుడు రసం తలలోని జిడ్డును వదిలించేది కూడా ఈ గుణంతోనే. బాగా వేడెక్కితే ఆ పట్టు సడలుతుంది, నూనె బొట్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి నీళ్లు వేరవుతాయి.

కుదిపి రాసుకుంటే సరిపోతుందని అనుకోకండి. ఎండను ఆపే పదార్థాలు చర్మం మీద సమానంగా పరుచుకోవు, మధ్యమధ్య కమిలిపోతుంది. పారేయడమే మంచిది. కుదిపి వాడమని లేబుల్ మీదే రాసి ఉన్న రకాల సంగతి వేరు, అవి మామూలుగానే అలా ఉంటాయి.

బీచ్‌కి తీసుకెళ్లేటప్పుడు ట్యూబును తువ్వాలులో చుట్టి, సంచిలో నీడపట్టున పెట్టండి. ఇంట్లో అయితే ఎండ తగలని అల్మరా చాలు.