రాళ్ల వాన కొట్టిన టమాటా తోటను బతికించుకోవడం ఎలా?

పేపర్లో వడగళ్లు అని రాస్తారు. మా వికారాబాద్ వైపు రాళ్ల వాన అంటాం. 2023 మార్చి 16న మర్పల్లిలో రోడ్లూ చేన్లూ తెల్లగా మారిపోయిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. అచ్చం కాశ్మీర్‌లా ఉందని అందరూ షేర్ చేసుకున్నారు. ఆ తెలుపు కింద టమాటా వేసినవాళ్లకు మాత్రం ఆ వీడియో చూడబుద్ధి కాలేదు.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను. రాళ్లకు చచ్చే మొక్కలు కొన్నే. మర్నాడు పొద్దున్నే మనం కత్తెర పట్టుకుని పోయి చంపుకునేవి ఎన్నో. అందుకే ఇది రాస్తున్నాను. పెరట్లో ముప్పై మొక్కలున్నా, రెండు గుంటల తోట ఉన్నా పద్ధతి ఒకటే.

కావలసినవి

50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే వల), ఏడడుగుల వెదురు బొంగులు, జీఐ తీగ (జింకు పూసిన ఇనుప తీగ), పురికొస, కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగుళ్ల మందు) ప్యాకెట్, పదునైన కత్తెర, కొంచెం స్పిరిట్, పాత లుంగీ ఒకటి. లుంగీ ఎందుకో తర్వాత చెబుతాను.

1. ఫిబ్రవరిలోనే నెట్ కట్టండి

మన దగ్గర రాళ్ల వాన భయం మార్చి నుంచి మే దాకా. మబ్బు చూశాక నెట్ కోసం పరుగెత్తితే లాభం లేదు. సాలు మధ్యలో బొంగులు ఎత్తుగా, పక్కల అడుగున్నర తక్కువగా పాతి, గుడిసె కప్పులా వాలు వచ్చేలా కట్టండి. చదునుగా కడితే రాళ్లన్నీ మధ్యలో చేరి, నెట్ ఉయ్యాలలా దిగి, చివరికి మొక్కల మీదే కూర్చుంటుంది. మొక్క కొసకీ నెట్‌కీ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉండాలి. నెట్ ఆకులకు ఆనుకుని ఉంటే రాయి దెబ్బ నేరుగా మొక్కకే తగులుతుంది.

టార్పాలిన్ కట్టేవాళ్లకు ఒక దండం. రాళ్ల వాన ఒంటరిగా రాదు, ముందు గాలి దుమారం వస్తుంది. టార్పాలిన్ ఆ గాలిని పట్టుకుని బొంగులతో సహా లేచిపోతుంది. నెట్‌లో నుంచైతే గాలి దూరి పోతుంది. డబ్బు లేకపోతే అడవి పందులు రాకుండా చేను చుట్టూ కట్టే పాత చీరలు కూడా పనికొస్తాయి. కానీ పాలియెస్టర్ చీరలే వాడండి. నూలు చీర తడిస్తే దాని బరువుకే పందిరి కూలుతుంది. వేసవి పోయేదాకా నెట్ తీయక్కర్లేదు, ఎండకూ పనికొస్తుంది. జూన్‌లో వానలు కుదురుకున్నాక తీసేయండి.

2. మబ్బు పట్టిన రోజు

వాతావరణ శాఖ వాళ్ల మేఘదూత్ యాప్‌లో హెచ్చరిక చూసుకోండి. కుండీలను మెట్ల కిందికి జరపండి. చిన్న నారు మీద గంపలు, బకెట్లు బోర్లించి పైన బరువు పెట్టండి. చల్లగాలి ఒక్కసారిగా కొట్టిందంటే ఇక టైం లేనట్టే, ఇంట్లోకి రండి. పిడుగులు పడే వేళ తడి బొంగులు పట్టుకుని తోటలో నిలబడొద్దు. మొక్కలు మళ్లీ వేసుకోవచ్చు.

3. వాన వెలిసిన గంటలో

నీళ్లు నిలిచిన చోట కాలువ తీయండి. టమాటా వేరు ఒక రోజంతా నీళ్లలో ఉంటే పైన ఎంత బాగున్నా లోపల కుళ్లు మొదలవుతుంది. కాండం మొదట్లో కుప్పపడిన రాళ్లను కర్రతో పక్కకు జరపండి. రాలిన కాయలు ఏరుకోండి. ముదురువి ఇంట్లో పండుతాయి, పచ్చివి పచ్చడికి పోతాయి.

ఆకులను మాత్రం ముట్టొద్దు. తడి ఆకును పట్టుకున్న చేత్తోనే పక్క మొక్కను ముట్టుకుంటే తెగులును మీరే మోసుకెళ్లినట్టు.

గుంటల్లో కాకుండా ఎకరాల్లో వేసినవాళ్లు అన్నిటికన్నా ముందు ఫొటోలు తీసి మీ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) చెప్పండి. ప్రభుత్వ సాయానికి 33 శాతం, ఆపైన నష్టాన్నే లెక్కలోకి తీసుకుంటారు. మీరు శుభ్రం చేసేశాక వచ్చి చూస్తే ఏం కనిపిస్తుంది?

4. మందు

ఆకులు ఆరగానే, సాయంత్రం పూట, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొట్టండి. ప్రతి గాయం ఒక తెరిచిన తలుపే, మచ్చ తెగుళ్లు అక్కడి నుంచే లోపలికి పోతాయి. దీంట్లో వేరే ఏదీ కలపొద్దు. కాయలు కోసే ముందు ప్యాకెట్ మీద రాసిన గడువు దాటిందో లేదో చూసుకోండి.

5. కత్తెర: ఇక్కడే అందరూ తప్పు చేసేది

ఐదు రోజులు ఆగండి. వారమైతే ఇంకా మంచిది.

ఎందుకో నా అనుభవం చెబుతాను. ఒక ఏడాది వాన పడ్డ మర్నాడే మా బావ వచ్చాడు. "ఇంకా చూస్తవేంది బావా, చినిగినవన్నీ కోసెయ్, కొత్తవి వస్తయ్" అన్నాడు. ఇద్దరం కలిసి గడ్డి కోసే కొడవలితో రెండు సాళ్లు నున్నగా చేశాం. చూడటానికి భలే శుభ్రంగా ఉంది. ఎనిమిదో రోజుకు కోసిన చోటు నుంచి కిందికి గోధుమరంగు చారలు దిగాయి. పదిహేను రోజులకు ఆ రెండు సాళ్లూ పీకేశాను. చీకటి పడిందని వదిలేసిన మూడో సాలు చింపిరి చింపిరిగా ఉండి కూడా జూన్ దాకా కాసింది.

చినిగిన ఆకు అసహ్యంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అందులో సగం ఆకుపచ్చగా ఉన్నా అది మొక్కకు వంట చేసి పెడుతూనే ఉంటుంది. కింది కాయలకు గొడుగు కూడా అదే. ఆకులన్నీ తీసేస్తే మర్నాటి ఎండకు కాయ భుజాల మీద తెల్లటి మచ్చలు పడి మెత్తబడతాయి. ఆ నింద కూడా రాళ్ల మీదికే పోతుంది.

ఐదారు రోజులకు ఏది బతికిందో ఏది ఎండిందో మొక్కే చెబుతుంది. అప్పుడు పొడిగా ఉన్న పూట, మంచు ఆరాక, తోటలోకి వెళ్లండి. మొక్కకూ మొక్కకూ మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. బద్ధకం అనిపిస్తే ఆ రోజు పని మానేయండి, అంతేగానీ తుడవకుండా కోయొద్దు.

అనుమానం ఉన్న కాండాన్ని గోటితో కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే అది పోయినట్టే, పచ్చదనం కనిపించేదాకా కిందికి వస్తూ గీకి చూడండి. ఒక పక్కే దెబ్బ తగిలితే భయం లేదు, అక్కడ బెరడులా గట్టిపడి మచ్చ మిగులుతుంది. కాండం చుట్టూ ఉంగరంలా నల్లబడితే మాత్రం జాలి పడకుండా పీకేయండి.

కొస విరిగితే దాని కింది ఆకుకు కొంచెం పైన ఏటవాలుగా కోయండి. ఆకు మొదట్లో నుంచి పక్క కొమ్మలు లేస్తాయి. మామూలప్పుడు గిల్లేసేవి ఇప్పుడు మీకు దిక్కు. మొదటి పూగుత్తికి సరిగ్గా కింద వచ్చేది అన్నిటికన్నా బలంగా ఉంటుంది. దాన్నీ ఇంకొకదాన్నీ ఉంచి మిగతావి తీసేయండి. నాలుగైదు ఉంచితే పొద దట్టమవుతుంది, కాయ గోలీ సైజు దాటదు.

కాండం సగం చీలి వంగిపోయిందా? ఇక్కడే లుంగీ పని. వేలెడు వెడల్పున పేలికలు చింపండి. మెల్లగా మొక్కను లేపి, చీలిక రెండు వైపులూ కలిసేలా అదిమి, పక్కన పుల్ల పెట్టి పైనా కిందా కట్టండి. పురికొసతో కట్టొద్దు, మెత్తబడిన కాండాన్ని కోసేస్తుంది. మొన్నటి ఏడాది ఇలా కట్టిన మొక్కకు పది రోజుల్లో చీలిక అంచులు ఉబ్బి, సన్నటి తెల్లటి మొటిమల్లాంటివి వచ్చాయి. తెగులనుకుని కంగారు పడకండి, టమాటా కాండం వేర్లు పుట్టించే ప్రయత్నం అది.

కాయల విషయం సులువు. సొట్ట పడి తోలు చిరగకపోతే ఉంచండి. చిరిగితే తీసేయండి, ఈగలు చేరతాయి.

6. తిండి

కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు వద్దు. ముఖ్యంగా జాలి కొద్దీ యూరియా చల్లొద్దు. చిగురు వచ్చాక 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు 5 గ్రాములు కలిపి, ఆకుల మీద వారం తేడాతో రెండుసార్లు కొట్టండి.

నాటి నెల కూడా కాని తోట పూర్తిగా మోడైపోతే ఇంత కష్టం వద్దు, మళ్లీ నాటండి. అందుకే నేను ఎప్పుడూ ఒక ట్రే నారు ఎక్కువ పోసి పెట్టుకుంటాను. కొత్త పూత నుంచి ఎర్రటి కాయ రావడానికి నెలన్నర పడుతుంది కాబట్టి మార్చి దెబ్బకు కోలుకున్న తోట మేలో చేతికొస్తుంది.

నెట్‌ను దులిపి, బాగా ఎండబెట్టి, చుట్టి దూలానికి వేలాడదీయండి. మూలన పడేస్తే వచ్చే ఫిబ్రవరికి ఎలుకలు కొరికిన బొక్కలే మిగులుతాయి.