హరివిల్లు కావాలంటే ముందు మీ నీడ చూడండి

మా అనంతపురంలో వాన పడేదే తక్కువ, పడిన రోజైనా హరివిల్లు మిస్ అవ్వకూడదు కదా, అందుకే చెప్తున్నా. సాయంత్రం చినుకులు పడుతుండగానే పడమట ఎండ కాసిందంటే చాలు, మా పిల్లలు మిద్దె ఎక్కి సూర్యుడి వైపే చూస్తుంటారు. అక్కడ ఎంతసేపు చూసినా ఏమీ ఉండదు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలి. మీ తల నీడ ఎక్కడ పడిందో చూసుకుని, చెయ్యి బారుగా చాపి అక్కడి నుంచి పైకి రెండు జానలు కొలవండి, అటువైపు జల్లు పడుతుంటే విల్లు అక్కడే కనిపిస్తుంది. వెలుగు చినుకులోకి వంగి దూరి, లోపలి గోడకు తగిలి వెనక్కి తిరిగి బయటికొచ్చేటప్పుడు ఎరుపు సుమారు 42 డిగ్రీల దగ్గరే గట్టిగా పోగుపడుతుంది, రెండు జానల లెక్క అదే. కాబట్టి నీడ మీకంటే పొట్టిగా ఉంటే, సూర్యుడు అంతకంటే పైనున్నట్టే, విల్లు నేల అంచు కిందికి పోతుంది, మిద్దె ఎక్కడం దండగ, నడి మధ్యాహ్నం వానకి ఆకాశంలో విల్లు రాదు.

ఇంకోటి, పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ (నీళ్ల మీది, రోడ్డు మీది తళతళలు ఆపే రకం) ఉంటే తీసేయండి. వాటితో చూస్తే విల్లు పైభాగం దాదాపు మాయమైపోతుంది, నేను నమ్మక రెండుసార్లు పెట్టి తీసి చూశా.