ఇంటి సర్వర్ దానంతట అదే రీస్టార్ట్ అవుతోందా? ఫ్యాన్లు విప్పే ముందు యూపీఎస్ చూడండి

లక్షణం: యూపీఎస్‌కు (కరెంటు పోతే బ్యాటరీతో నడిపే పెట్టెకు) తగిలించి రేయింబవళ్లు నడిపే సర్వర్ కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఇంట్లో కరెంటు పోలేదు, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. రెండు నిమిషాల్లో మళ్లీ లేచి పనిచేస్తుంది. కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే తంతు.

ఈ మాట వినగానే అందరూ వేడినే అనుమానిస్తారు. కొత్త ఫ్యాన్లు కొంటారు, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పూత) మారుస్తారు. దయచేసి ఆగండి. ప్రాసెసర్ ఉష్ణోగ్రతను నిమిషానికొకసారి లాగ్‌లో (రికార్డు ఫైలులో) నమోదు చేయించండి. ఆరిపోయే ముందు అది 95, 100 డిగ్రీల దాకా పాకితే వేడే కారణం. దుమ్ము దులపండి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి, గాలి బయటికొచ్చే వైపును గోడకు ఆనించకండి. అలాకాక 50 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండగానే లాగ్ తెగిపోతే, సర్వర్‌కు కరెంటు అందలేదని ముందుగా అనుమానించాలి.

ఇప్పుడు యూపీఎస్ వెనక్కి వెళ్లి, సర్వర్ ఏ సాకెట్‌లో ఉందో చూడండి. చాలా యూపీఎస్‌లలో కొన్ని సాకెట్లకు బ్యాటరీతో సంబంధం ఉండదు. అవి వోల్టేజీ ఉప్పెన నుంచి కాపాడతాయి, అంతే. మనం గమనించని క్షణకాలపు కోతకు కూడా వాటిలో ఉన్న సర్వర్ ఆరిపోవచ్చు. ఈ ఒక్క పని చేయకుండా వారాల తరబడి వెతికినవాళ్లను ఎందరినో చూశాను.

సాకెట్ సరిగ్గానే ఉంటే, అసలు దొంగ బ్యాటరీ. ఇది నన్ను రెండు నెలలు తిప్పలు పెట్టింది. ర్యామ్ మార్చాను, పవర్ సప్లై మార్చాను. చివరికి ఆరిపోయిన తేదీలన్నీ కాగితం మీద రాస్తే, ఒక్కోదానికీ మధ్య సరిగ్గా 14 రోజులు. చాలా యూపీఎస్‌లు నిర్ణీత వ్యవధికొకసారి తమను తాము పరీక్షించుకుంటాయి. ఆ కొన్ని సెకన్లు సర్వర్ భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. ముసలి బ్యాటరీ ఆ భారానికి కుప్పకూలుతుంది, సర్వర్ ఆరిపోతుంది. కరెంటు తిరిగి అందగానే లేవమని బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వాడే మూల సెట్టింగుల్లో) పెట్టి ఉంటే అదే లేస్తుంది. వెళ్లి చూసేసరికి యూపీఎస్ మీద పచ్చ దీపం.

ఆ దీపాన్ని నమ్మకండి, వోల్ట్ మీటర్‌నూ నమ్మకండి. ఛార్జింగ్‌లో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ పాడైనా 13 పైనే చూపించగలదు. భారం పడితేనే నిజం తెలుస్తుంది. సర్వర్‌ను పద్ధతిగా ఆపి, దాని చోట అంతే వాట్ల దీపమో మరొకటో తగిలించి, గోడ దగ్గర స్విచ్ ఆపి గడియారం చూడండి. కొత్తలో 20 నిమిషాలు నిలిచింది ఇప్పుడు నిమిషానికే చేతులెత్తేస్తే మార్చాల్సిందే. అదే వోల్టేజీ, అదే కొలతల బ్యాటరీ వేసి, దాని మీద తేదీ రాయండి. పాతది ఉబ్బి ఉంటే బలవంతంగా లాగకండి. అందులో సీసం, ఆమ్లం ఉంటాయి కాబట్టి చెత్తబుట్టలో వేయకుండా రీసైక్లింగ్‌కు ఇవ్వండి.

బ్యాటరీ త్వరగా పోయి ఉంటే ఎందుకో కూడా చూడాలి. ఈ సీసపు బ్యాటరీలు మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు పనిచేస్తాయి, అదీ 25 డిగ్రీల పరిసరాల్లో. ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. తలుపులు మూసిన అలమారాలో సర్వర్ పక్కనే యూపీఎస్ పెడితే, సర్వర్ వదిలే వేడి మొదట కాల్చేది ప్రాసెసర్‌ను కాదు, బ్యాటరీని. యూపీఎస్‌ను బయటికి తీసి, వేడి గాలి తగలని చోట నేల మీద పెట్టండి. కరెంటు పోయినప్పుడు సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగేందుకు పెట్టే హద్దును కూడా బ్యాటరీ శాతం మీద కాక, గడిచిన నిమిషాల మీద పెట్టండి. ముసలి బ్యాటరీ 60 శాతం నుంచి కూడా ఒక్కసారిగా సున్నాకు పడిపోవచ్చు.

మిగతావి అరుదు. కొన్ని పవర్ సప్లైలకు చవక యూపీఎస్ బ్యాటరీ నుంచి ఇచ్చే మెట్ల తరంగం (మెట్లుమెట్లుగా మారే కరెంటు) పడదు, వాటికి సైన్ తరంగం (గోడ కరెంటులా నునుపుగా మారేది) ఇచ్చే యూపీఎస్ కావాలి. వదులైన ప్లగ్గు, పాడైన ర్యామ్ కూడా ఉండవచ్చు. వాటి సంగతి కొత్త బ్యాటరీ వేశాక కూడా సర్వర్ ఆరిపోతే చూడండి.